జెల్డా ఉత్తరాలు ఎవరి సొత్తు?

1919 వసంతకాలంలో, అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ అనే ఊళ్ళో, ఒక జడ్జిగారి ఆఖరమ్మాయి శ్మశానంలో తిరిగొచ్చి తను ప్రేమించిన కుర్రాడికి ఉత్తరం రాసింది. కొండవాలులో కట్టిన ఒక తుప్పుపట్టిన ఇనప సమాధిగదిని తెరవాలని చూసిందట. దాని మీదంతా కన్నీళ్ళు కారుతున్నట్టుండే లేతనీలం పూలు పరుచుకున్నాయట. చచ్చినవాళ్ళ కళ్ళలోంచి మొలిచాయేమో అన్నట్టున్నాయి, ముట్టుకుంటే జిగట, కడుపులో తిప్పే వాసన. వరసగా ఉన్న అంతర్యుద్ధపు సైనికుల సమాధులన్నీ, వాటి మీది పసుపుపచ్చ నాచుతో సహా, ఒక్కలాగే ఉంటాయి కదా, మరి వాటిలో ఏ రెండో మూడో మాత్రం చనిపోయిన ప్రేమికుల్ని ఎందుకు గుర్తుచేస్తాయి అని ఆశ్చర్యపోయింది. ఇంకో వందేళ్ళకి నా కళ్ళు గోధుమరంగువా నీలంవా అని కుర్రకారు ఊహించుకుంటూ ఉంటే నాకు బావుంటుంది, అవి రెండూ కావనుకో, అని రాసింది.

ఆ అమ్మాయి జెల్డా సేయర్. అప్పటికి 18 ఏళ్ళు. ఉత్తరం అందుకున్నది స్కాట్ ఫిట్జెరాల్డ్. 1918 జూలైలో, సైన్యంలో లెఫ్టినెంటుగా మాంట్‌గొమరీ దగ్గరి క్యాంపులో ఉన్నప్పుడు ఒక డ్యాన్సులో ఆమెను చూశాడు. ఈ ఉత్తరం నాటికి న్యూయార్కులో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో చిన్న ఉద్యోగం చేస్తూ, నవల రాసి పేరు తెచ్చుకుని ఆమెను పెళ్ళి చేసుకోవాలని ఆరాటపడుతున్నాడు.

మరుసటేడు మార్చి 26న అతని మొదటి నవల 'దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్' వచ్చింది. ఆఖరి పేజీల్లో హీరో ప్రిన్స్‌టన్‌లో ఒక శ్మశానంలోకి నడుస్తాడు. అక్కడా కొండవాలులో తుప్పుపట్టిన ఇనప సమాధిగది ఉంటుంది. అవే లేతనీలం పూలు, అదే జిగట, అదే వాసన. సమాధి మీది ఇంటిపేరు మారింది, 1864 అనే సంవత్సరం మారలేదు. దక్షిణాది సైనికులు ఉత్తరాది సైనికులయ్యారు, నాచు మాత్రం అదే పసుపుపచ్చ. వందేళ్ళ తర్వాత కళ్ళ రంగు గురించిన కోరిక కూడా హీరోదైపోయింది. పుస్తకం వచ్చిన ఎనిమిది రోజులకి, ఏప్రిల్ 3న, న్యూయార్కులో వాళ్ళ పెళ్ళి జరిగింది.

ఈ భార్యాభర్తలిద్దరూ నవలలు రాసినవాళ్ళే. అతను బతికుండగా నాలుగు అచ్చయ్యాయి, ఐదోది మధ్యలో ఆగిపోయింది. ఆమెది అచ్చయింది ఒక్కటే, 'సేవ్ మీ ద వాల్ట్జ్'. రెండోది చనిపోయేనాటికి అసంపూర్తిగానే ఉంది. ఇద్దరి మధ్యా ఉత్తరాలు మాత్రం 1918 నుంచి 1940 దాకా నడిచాయి. 2002లో జాక్సన్ బ్రయర్, కాథీ బార్క్స్ అనే ఇద్దరు సంపాదకులు వాటిని ఒక పుస్తకంగా వేశారు.

ఆ పుస్తకం చదివినవాళ్ళతో ఎప్పుడు మాట్లాడినా సంభాషణ ఐదు నిమిషాల్లో పంచాయితీలోకి దిగుతుంది. అతను ఆమెను దోచుకున్నాడని ఒకరు. ఆమె జబ్బు అతని జీవితాన్ని మింగేసిందని ఇంకొకరు. ఈ రెండో మాటకి బలమైన పునాది వేసినవాడు స్కాట్ స్నేహితుడు, నవలాకారుడు హెమింగ్వే. అతను పోయాక 1964లో వచ్చిన పారిస్ జ్ఞాపకాల్లో జెల్డాని భర్త రచన చూసి కుళ్ళుకునే మనిషిగా చిత్రించాడు. 1970లో నాన్సీ మిల్‌ఫర్డ్ రాసిన జెల్డా జీవిత చరిత్రతో గాలి అటునుంచి ఇటు మళ్ళింది. ఎటు మళ్ళినా ఉత్తరాలకి పట్టిన గతి ఒకటే. ఎవరి కేసుకి వాళ్ళు వాటిలోంచి నాలుగు వాక్యాలు కత్తిరించి సాక్ష్యంగా చూపిస్తారు.

నేను చెప్పదలుచుకున్నది ఇది: ఆ ఉత్తరాలు జెల్డా చేసిన రచన. ఆమె వచనం అన్నిటికంటే బాగా పలికింది అక్కడే. నవలలో తడబడ్డ చోట్ల కూడా ఉత్తరంలో తడబడలేదు. వాటిని కోర్టు కాగితాల్లా తిరగేయడం ఆపి, ఒక రచయిత్రి పుస్తకంగా చదవాల్సిన బాకీ మన మీద ఉంది. ఎందుకంత పట్టుదల అంటే, ఆమె బతికున్నప్పుడు జరిగిన అన్యాయం కూడా సరిగ్గా అదే. ఆమె రాసినదాన్ని రచన అనలేదు, ముడిసరుకు అన్నారు.

ముందు ఒక మామూలు విషయం. మన ఇళ్ళలో ఒకప్పుడు వచ్చిన ఉత్తరాలన్నీ ఒక తీగకి గుచ్చి గోడకి తగిలించేవాళ్ళు. మా తాతయ్యగారి వసారాలోనూ ఉండేది. ఆ తీగకి మనకి వచ్చినవే ఉంటాయి. మనం రాసినవి ఇంకెవరింట్లోనో, ఇంకో తీగకి ఉంటాయి, ఆ ఇంటివాళ్ళు దాచుకుంటే. ఫిట్జెరాల్డ్ దంపతుల ఉత్తరాల సంగతీ అంతే. స్కాట్ కాగితం ముక్క పారేసే మనిషి కాదు. తన సంపాదన, రచనలు, ఏడాదివారీ జీవిత విశేషాలు అన్నీ ఒక లెడ్జరులో రాసుకున్నాడు. జెల్డా ఉత్తరాలు కట్టలు కట్టలుగా దాచాడు. పెళ్ళికి ముందు అతను ఆమెకి రాసినవి చాలావరకు దక్కలేదు. ఆమె స్క్రాప్‌బుక్కులో అంటించుకున్న టెలిగ్రాములు మిగిలాయి. చివరి ఏళ్ళలో అతనివి మిగలడానికి కారణం హాలీవుడ్‌లో సెక్రటరీ టైపు చేసేటప్పుడు పెట్టిన కార్బన్ కాపీలు. అందుకే ఇప్పుడు చదివేవాళ్ళకి ఆమె గొంతు ఎక్కువగా, అతని గొంతు తక్కువగా వినిపిస్తుంది. పైగా ఆమెకి తారీఖు వేసే అలవాటు లేదు. ఏది ఏ ఏడాదిదో సంపాదకులు లోపలి సంగతుల్ని బట్టి తేల్చుకోవాల్సి వచ్చింది.

దాచినందుకు స్కాట్‌కి మనం రుణపడి ఉన్నాం, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ అతను దాచింది ప్రేమతోనే కాదు. రచయితగా తనకి పనికొస్తాయని కూడా దాచాడు. ఈ రెండూ ఒకే మనిషిలో, ఒకే పెట్టెలో ఉన్నాయి.

జెల్డాకి మొదట్లో ఇందులో తప్పేమీ కనిపించలేదు. పెళ్ళికి ముందు రాసిన ఒక ఉత్తరంలో, నన్ను నీకోసమే ఆర్డరిచ్చి చేయించినట్టు ఉంది, నన్ను గడియారం గొలుసుకి వేలాడే బిళ్ళలాగా, కోటుకి గుచ్చుకునే పూలగుత్తిలాగా లోకం ముందు ధరించు, అంటుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ప్రేమలో ఉన్న ఆడపిల్ల ఆ మాట అనడం వింత కాదు. తన డైరీ కూడా అతని చేతికి వెళ్ళింది. పెళ్ళయ్యాక పత్రికా సంపాదకుడు జార్జ్ జీన్ నేథన్ ఆ డైరీలు చూసి అచ్చేస్తానన్నాడు. స్కాట్ ఒప్పుకోలేదు, తన నవలలకీ కథలకీ అవి కావాలన్నాడు. జెల్డా అప్పుడు పట్టుబట్టలేదు.

1922లో 'ద బ్యూటిఫుల్ అండ్ డామ్డ్' వచ్చినప్పుడు న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక ఆ నవలని ఆమె చేతే సమీక్ష చేయించింది. ఏప్రిల్ 2న అచ్చయిన ఆ సమీక్షలో, పెళ్ళయిన కొత్తలో మాయమైన నా పాత డైరీలోని భాగం ఒకటి ఒక పేజీలో గుర్తుపట్టాను, బాగా దిద్దినా నా ఉత్తరాల ముక్కలు కూడా ఎక్కడో విన్నట్టు అనిపించాయి, ఫిట్జెరాల్డ్ గారు సాహిత్య చౌర్యం ఇంటినుంచే మొదలవుతుందని నమ్ముతున్నట్టున్నారు, అని రాసింది. అందరూ నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వుతూనే రాసి ఉండొచ్చు. కానీ ఇంట్లో చెప్పాల్సిన మాట పత్రికలో చెప్పడం ఎప్పుడు జరుగుతుందో పెళ్ళయిన వాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఆమె రాసిన కథలు కొన్ని ఇద్దరి పేరుతోనూ వచ్చాయి. 1930లో 'ఎ మిలియనీర్స్ గర్ల్' అనే ఆమె కథ సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్‌లో ఒక్క స్కాట్ పేరుతోనే వచ్చింది. ఆ పేరుంటే కథకి 4,000 డాలర్లు. ఆమె పేరుంటే అందులో పిసరు. డబ్బుకి కటకటగా ఉన్న ఇంట్లో ఈ లెక్క ఇద్దరికీ అర్థమయ్యేదే. ఇలాంటి సర్దుబాట్లు ఒక్కోటి విడిగా చూస్తే ఏదీ పెద్ద నేరంలా కనిపించదు. అన్నీ ఒకేవైపు జరుగుతూ పోవడమే అసలు సంగతి.

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకోవాలి. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్ళది, అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్ళది. ఇది కొత్తగా వచ్చిన సూత్రం కాదు. 1741లో ఇంగ్లండులో అలెగ్జాండర్ పోప్ అనే కవి తన ఉత్తరాలు అచ్చేసిన ఎడ్మండ్ కర్ల్ అనే ప్రచురణకర్త మీద వేసిన దావాలో కోర్టు ఈ మాట చెప్పింది. అమెరికాలో 1841లో జార్జ్ వాషింగ్టన్ ఉత్తరాల మీద వచ్చిన కేసులో జస్టిస్ జోసెఫ్ స్టోరీ కూడా రాసినవాళ్ళ హక్కునే నిలబెట్టాడు. అంటే 1920లో జెల్డాకి చట్టం దన్ను ఉన్నట్టే. కొత్త పెళ్ళికూతురు మొగుడి మొదటి నవల మీద కోర్టుకెక్కుతుందా? హక్కు పుస్తకంలో ఉండటం వేరు, ఇంట్లో చెల్లడం వేరు.

1930 ఏప్రిల్‌లో పారిస్‌లో ఆమె ఆరోగ్యం కుప్పకూలింది. అంతకుముందు మూడేళ్ళుగా బాలే నాట్యం మీద ప్రాణం పెట్టి, రోజులో ఎక్కువ గంటలు సాధనలోనే గడిపేది. మొదట పారిస్ శివార్లలోని మాల్మెజాన్ ఆసుపత్రి, తర్వాత జూన్ నుంచి స్విట్జర్లాండులో నియాన్ దగ్గరి ప్రాంజాన్స్ మానసిక చికిత్సాలయం. డాక్టర్లు స్కిజోఫ్రీనియా అన్నారు. 1931 సెప్టెంబరు దాకా అక్కడే ఉంది. ఒళ్ళంతా భరించలేని ఎగ్జిమా. మొగుడూ పెళ్ళాలు ఎదురుపడితే ప్రమాదమని డాక్టర్లు వేరుగా ఉంచిన రోజుల్లో ఉత్తరాలే వాళ్ళ కాపురం.

ఆ వేసవిలో ఇద్దరూ తమ పదేళ్ళ పెళ్ళినీ కాగితం మీద పెట్టారు. స్కాట్ రాసినదానిలో ఆఖరున ఒక మాట ఉంది: మనల్ని మనమే పాడుచేసుకున్నాం, ఒకరినొకరు పాడుచేశామని నేను నిజాయితీగా ఎప్పుడూ అనుకోలేదు. న్యాయమైన మాట, అందమైన మాట. చాలామంది అక్కడే ఆగిపోతారు.

జెల్డా ఉత్తరం పొడవైనది, చేతిరాతలో నలభై పేజీల పైమాట. నువ్వు గతం గురించి ఆలోచిస్తున్నానన్నావు, నేనూ అదే పని చేస్తున్నాను, కట్లు చుట్టుకుని, రాత్రికి మూడు నాలుగు గంటలకి మించి నిద్రపోక, చదవలేక, అని మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఒక జాబితా. న్యూయార్కు కొత్తదనం, పత్రికా విలేఖరులు, బొచ్చుతో ఊపిరాడనట్టుండే హోటల్ లాబీలు, కిటికీ అద్దాల మీద ఎండ మెరుపు, వసంతం చివర గుచ్చుకునే దుమ్ము, ఒక స్నేహితుడి నీలికళ్ళు, ఇంకొకాయన వానకాలపు రబ్బరు జోళ్ళు, సువాసన చిమ్మే ట్రంకుపెట్టె. ఏది ముఖ్యం, ఏది కాదు అనే తేడా లేకుండా అన్నీ పక్కపక్కనే వస్తాయి. దుమ్ముకీ పరువుకీ ఒకటే బరువు. ఊళ్ళు మారుతుంటాయి, ఇళ్ళు మారుతుంటాయి, స్నేహితులు వస్తూ పోతూ ఉంటారు. పేజీలు తిరిగేకొద్దీ తాగుడు పెరుగుతుంది, ఒంటరితనం పెరుగుతుంది. 'అప్పుడు నాకు చాలా బాధ కలిగింది' అనే వాక్యం కోసం చూస్తే పెద్దగా దొరకదు. వస్తువులే చెబుతాయి.

దీన్ని జబ్బుమనిషి చెదిరిన ఆలోచన అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. చెదిరిన ఆలోచన కాలక్రమం తప్పుతుంది. ఇక్కడ పదేళ్ళ కథ వరస తప్పకుండా నడుస్తుంది, చిన్న వస్తువుల మీద మొదలై పెద్ద గాయాల మీదకి ఎక్కుతుంది. మంచం మీద కట్లతో పడుకుని, చేతిలో పాత కాగితాలేవీ లేకుండా, జ్ఞాపకం నుంచి ఆ నిర్మాణం చేసిందంటే ఆమెకి వాక్యం మీద ఉన్న పట్టు ఎలాంటిదో ఆలోచించండి. ఈ ఉత్తరంలోని సంగతుల్ని ఏరుకుని జీవిత చరిత్రకారులు పుస్తకాలు నింపారు. ఉత్తరాన్ని ఉత్తరంగా పొగిడినవాళ్ళు తక్కువ.

ఇక 1932. ఆమె తండ్రి 1931 నవంబరులో పోయారు. మరుసటి ఫిబ్రవరిలో జబ్బు తిరగబెట్టి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి చెందిన ఫిప్స్ క్లినిక్‌లో చేరింది. అక్కడే కొద్ది వారాల్లో నవల పూర్తిచేసి, మార్చిలో భర్తకి చూపించకుండా నేరుగా మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కి పంపింది. పెర్కిన్స్ స్క్రిబ్నర్స్ ప్రచురణ సంస్థలో స్కాట్‌కి కూడా ఎడిటరే.

స్కాట్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆమె డాక్టరు మిల్‌డ్రెడ్ స్క్వైర్స్‌కి రాసిన ఉత్తరంలో అతని ఫిర్యాదు ఇది: నేను నాలుగేళ్ళుగా రాస్తున్న నవలని, ఆమె వైద్యం ఖర్చుల కోసం పత్రికలకి కథలు రాస్తూ మధ్యమధ్యలో ఆపాల్సి వచ్చిన నవలని, విని దాని లయనీ సరుకునీ అనుకరించింది. ఆమె నవలలో ఒక ముఖ్యపాత్రకి పెట్టిన పేరు స్కాట్ మొదటి నవలలోని హీరో పేరు. అంటే ఆ శ్మశానంలో నడిచిన హీరో పేరే. ఆ పేరు తీయించాడు, కొన్ని భాగాలు మార్పించాడు. ఆమె మొదట రాసిన ప్రతి ఇప్పుడు లేదు. అక్టోబరులో పుస్తకం వచ్చింది, 1,392 కాపీలు అమ్ముడుపోయాయి. ఆ రాబడిలో కూడా సగం స్కాట్ స్క్రిబ్నర్స్‌కి ఉన్న బాకీకి జమ కావాలని ఒప్పందం.

స్కాట్ కోపంలో న్యాయం బొత్తిగా లేదని నేననను. అతని నవల ఆగిపోయింది, డబ్బు లేదు, కూతురు స్కాటీని పెంచాలి. ఆ మార్పుల తర్వాత పెర్కిన్స్‌కి రాస్తూ ఇది ఇప్పుడు మంచి నవల, బహుశా చాలా మంచి నవల అని కూడా చెప్పాడు. కానీ ఆమె జీవితాన్ని, ఆమె ఉత్తరాల్ని, ఆమె జబ్బుని అతను వాడుకోవచ్చు, తన జీవితాన్ని ఆమె వాడుకోకూడదు అన్న చోట నాకు అతని మీద సానుభూతి ఆగిపోతుంది. 1933 మే 28న, బాల్టిమోర్ దగ్గర వాళ్ళు అద్దెకున్న ఇంట్లో, డాక్టర్ థామస్ రెనీ ఎదుట, స్టెనోగ్రాఫర్ రాసుకుంటుండగా, ఇద్దరూ దీని మీదే వాదించుకున్నారు. టైపు చేస్తే 114 పేజీలు వచ్చింది. స్కాట్ అక్కడ అన్నది సూటిగా: మనం చేసినదంతా నాది, నేను వృత్తి నవలాకారుణ్ణి, నిన్ను పోషిస్తున్నాను, అదంతా నా సరుకు, అందులో నీదేమీ లేదు. ఆమె కథలూ నవలలూ రాయడం మానేయాలన్నది అతని షరతు.

1934 ఏప్రిల్‌లో 'టెండర్ ఈజ్ ద నైట్' వచ్చింది. స్విట్జర్లాండు మానసిక చికిత్సాలయంలో ఉన్న నికోల్ అనే అమ్మాయి తన డాక్టరుకి రాసే ఉత్తరాలు అందులో ఉన్నాయి. ప్రాంజాన్స్ నుంచి వచ్చిన కట్టల్లోంచి పుట్టాయవి. గొప్ప నవల. నాకు అతని ఇంకో నవల 'ద గ్రేట్ గాట్స్‌బీ' కంటే ఇదే ఎక్కువ ఇష్టం. ఆ ఇష్టాన్ని దాచుకుని మాట్లాడితే నా వాదనకే విలువ ఉండదు.

ఏ రచయితైనా ఇంట్లోవాళ్ళ జీవితం నుంచి తీసుకుంటాడు. అది మానమంటే సాహిత్యమే ఉండదు. నా అభ్యంతరం అతను తీసుకున్నందుకు కాదు. తీసుకుని తలుపు మూసినందుకు. దీనికి జెల్డా ఇచ్చిన జవాబు కూడా ఒక ఉత్తరంలోనే ఉంది. 1932లో తన నవల దిద్దడానికి ఒప్పుకుంటూ, అయితే ఆ దిద్దుబాటు కళ దృష్టితోనే జరుగుతుందని చెప్పి, నేను ఎంచుకునే మిగతా సరుకు న్యాయంగా నాదే, దాన్ని పోగుచేయడానికి మనసుతో గట్టి వెలే చెల్లించాను, నాకూ నాకూ మధ్య జరిగిన కథ రాయడానికి కావలసిన శాంతి దొరికినప్పుడు దాన్ని వాడుకునే తీరతాను, అంటుంది. మానసిక చికిత్సాలయంలో పేషెంటుగా ఉండి, బిల్లులు కట్టే మనిషికి, ఆ మనిషి కోపంగా ఉన్నప్పుడు, ఈ మాట రాసింది. తనకేది కావాలో ఇంత స్పష్టంగా, ఇంత మర్యాదగా చెప్పిన రచయితలు ఎంతమంది ఉంటారు?

ఆ బిల్లులు కట్టే మనిషి అన్న సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ అక్కడే తగులుతుంది. ఆసుపత్రి నుంచి రాసే ఉత్తరం స్వేచ్ఛగా రాసిన రచనేనా? డాక్టర్ల కన్ను పడుతుంది. సెలవు మీద బయటికి రావాలంటే భర్త ఒప్పుకోవాలి. రంగులూ కుంచెలూ కావాలంటే అతన్నే అడగాలి. అందుకే ఎన్నో ఉత్తరాల్లో క్షమాపణలు, కృతజ్ఞతలు, పొగడ్తలు. వాటిని అక్షరాలా నమ్మితే ఆమెను అమాయకురాలిని చేసినట్టు. అన్నీ నటన అంటే అబద్ధాలకోరుని చేసినట్టు. రెండూ తప్పే అని నా అభిప్రాయం. ఎదుటి మనిషి ఎవరో, అతని చేతిలో ఏముందో తెలిసి, ఆ ఒత్తిడి లోపలే నిజం చెప్పడానికి దారి వెతుక్కుంటుంది ఆమె వాక్యం.

1935లో షెపర్డ్ ప్రాట్ ఆసుపత్రి నుంచి రాసిన ఉత్తరం చూడండి. అతను వస్తే ఎదురురావడానికి ఇక్కడ ఖాళీ గుల్ల తప్ప ఏమీ లేనందుకు క్షమించమంటుంది. నాకు అనుభూతులంటూ ఉంటే అవన్నీ నీమీద కృతజ్ఞతగానూ, మనం మొదలుపెట్టిన ప్రేమలో చివరికి నీకివ్వడానికి చిన్న గుర్తయినా మిగల్లేదన్న దుఃఖంగానూ మారేవి, అంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒక ఇల్లు. నీకు హాలీహాక్ పూలూ ఒక సికమోర్ చెట్టూ ఉన్న చిన్న ఇల్లుంటే బావుండును, సాయంత్రపు ఎండ వెండి టీపాత్రలో పొదిగి ఉండాలి, స్కాటీ తెల్ల గౌనులో చిత్రకారుడు రెన్వార్ బొమ్మలోలా అటూ ఇటూ పరిగెత్తుతుండాలి, నువ్వు డజన్లకొద్దీ పుస్తకాలు రాస్తుండాలి.

ఖాళీ గుల్లనని చెప్పుకున్న మనిషికి వెండిపాత్రలో ఎండ ఎలా పొదుగుతుందో కనబడుతోంది. ఇంకొకటి గమనించండి. ఆ ఊహాలోకపు ఇంట్లో పుస్తకాలు రాసేది అతనే. ఆమె ఎక్కడుందో చెప్పలేదు. పాప ఉంది, చెట్టుంది, టీ ఉంది, భర్త రాతబల్ల ఉంది. మూడేళ్ళ కిందట నా సరుకు నేను వాడుకుంటానన్న మనిషి తన బొమ్మలోంచి తననే తీసేసింది. ఇది లొంగుబాటు అనండి, అలసట అనండి, ఎత్తిపొడుపు అనండి. మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయని నాకనిపిస్తుంది. ఒక్కో అర్థాన్నీ విడదీసి కేసు ఫైలులో పెట్టుకునేవాళ్ళకి ఈ ఉత్తరం చేతికి చిక్కదు.

1936 నుంచి ఆమె ఉత్తర కరోలినాలో ఆష్‌విల్‌లోని హైలాండ్ ఆసుపత్రిలో ఉంది. 1937లో అతను హాలీవుడ్ వెళ్ళాడు, మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థలో వారానికి 1,000 డాలర్ల జీతం. దానిలోంచే ఆమె ఆసుపత్రి, కూతురి చదువు, పాత బాకీలు. అక్కడ అతని జీవితంలోకి షీలా గ్రాహమ్ అనే ఇంకో స్త్రీ వచ్చింది. అయినా ఆమెకి ఉత్తరాలు ఆపలేదు. 1939 ఏప్రిల్‌లో ఇద్దరూ క్యూబా వెళ్ళారు. ఆ ప్రయాణం తాగుడుతో, దెబ్బలతో పాడైంది. మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. దాని తర్వాత కూడా అతను, నాకు తెలిసినవాళ్ళందరిలోకీ నువ్వే అతి సుకుమారమైన, అందమైన మనిషివి, అని రాశాడు. 1940 డిసెంబరు 13న రాస్తూ గుండె దానంతటదే మరమ్మతు చేసుకుంటోందని కార్డియోగ్రామ్‌లో తెలిసింది, అలా బాగుపడగల అవయవాల్లో గుండె కూడా ఉండటం వింతగా ఉంది, అన్నాడు. ఎనిమిది రోజులకి చనిపోయాడు, 44 ఏళ్ళకి. జెల్డా 1948 మార్చి 10 రాత్రి హైలాండ్ ఆసుపత్రిలో జరిగిన అగ్ని ప్రమాదంలో, మరో ఎనిమిది మంది స్త్రీలతో పాటు చనిపోయింది.

ఈ ఆఖరి ఉత్తరాల్లో అతను నాకు చాలా దగ్గరవుతాడు. వారం వారం రాసే ఆ చిన్న ఉత్తరాల్లో చెక్కు పంపడం, జ్వరం తగ్గడం, కూతురి మార్కులు, నవల ఎంతవరకు వచ్చిందో చెప్పడం, ఇవే ఉంటాయి. అలంకారం లేదు. అప్పటికి ఆమె మళ్ళీ మాంట్‌గొమరీలో తల్లి దగ్గరుంది. బాధ్యతగా రాసినవే కావచ్చు, కానీ బాధ్యతని అంత కాలం మోయడం చిన్న విషయం కాదు. జెల్డా వైపు మాట్లాడేవాళ్ళు ఈ పేజీలు దాటేసి వెళ్ళడం నాకు నచ్చదు.

స్కాట్ కాగితాల్ని కూతురు స్కాటీ 1950లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. జెల్డా ఉత్తరాలు కూడా ఇప్పుడు ఆ లైబ్రరీలోనే ఉన్నాయి.

మనవైపు నుంచి ఒక మాట. భారతదేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళకి కాపీరైటు తీరుతుంది. ఆ లెక్కన 'సేవ్ మీ ద వాల్ట్జ్' 2009 నుంచే మనకి స్వేచ్ఛగా దొరుకుతోంది. దాన్ని తెలుగు చేయాలనుకున్నవాళ్ళు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఉత్తరాల లెక్క వేరు. రచయిత పోయాక అచ్చయినవాటికి అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ళు లెక్కపెడతారు. కాబట్టి 2002 పుస్తకంలోని ఉత్తరాలు తెలుగులోకి తేవాలంటే ఆమె వారసుల్ని అడగాలి. ఇది నాకు సరిగ్గానే ఉందనిపిస్తుంది. ఆ మాటలు వాడుకోవడానికి ముందు అడగడం అనే పని ఎవరో ఒకరు చేయాలి కదా.

తెలుగు చేసేవాళ్ళకి నా విన్నపం: వాటిని భార్యాభర్తల ప్రేమకథగా వేయకండి. జెల్డా పేరుతో వేయండి, స్కాట్ ఉత్తరాలు వెనక అనుబంధంగా పెట్టండి. మొదట చదివేవాళ్ళు 1930 నాటి పొడుగు ఉత్తరంతో మొదలుపెడితే మంచిది. దాని తర్వాత 1932లో నవల గురించి రాసినవి, ఆ వెంటనే ఆ నవల. జీవిత చరిత్రలు, హెమింగ్వే జ్ఞాపకాలు, రోగనిర్ధారణల మీద డాక్టర్ల చర్చలు, అవన్నీ తర్వాత చదువుకోవచ్చు. ముందే చదివితే ప్రతి వాక్యంలోనూ జబ్బు కోసమో నేరం కోసమో వెతకడం మొదలవుతుంది, ఎండ పొదిగిన ఆ వెండిపాత్ర కనబడకుండా పోతుంది.